టర్బో ఇంజన్లు: ఖమ్మం, భద్రాచలం మన్యంలో వాటి చరిత్ర

ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రంతో బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపే పరికరం టర్బోచార్జర్. మెకానిక్కులు, డ్రైవర్లు, లారీ ఓనర్లు అందరూ దీన్ని టర్బో అనే అంటారు. ఇంజన్ సైజు పెంచకుండా బలం పెంచడానికి మనిషి కనిపెట్టిన మార్గాల్లో ఇంతకు మించినది ఇప్పటికీ రాలేదు. కంపెనీ అమ్మిన ఇంజన్‌ను విప్పి, లోపలి భాగాలు మార్చి, దాని చేత ఇంకా ఎక్కువ పని చేయించుకోవడాన్ని అమెరికాలో హాట్ రాడింగ్ అంటారు. ఈ రెండు విద్యలూ కలిసే పెరిగాయి.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో రేసు ట్రాకులు లేవు. అయినా టర్బో ఇంజన్ల చరిత్ర రాయాలంటే తెలుగు నేల మీద ఇంతకంటే తగిన చోటు దొరకడం కష్టం. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా బొగ్గు లాగిన డీజిల్ రైలింజన్లు, మణుగూరు, ఇల్లందు, సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో తిరిగే డంపర్లు, సారపాక పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర మోసే లారీలు, చింతూరు దాటాక ఘాట్ ఎక్కే సరుకు బళ్ళు అన్నీ పొగ నుంచి బలం పిండుకున్నవే. వేగం కోసం పుట్టిందని లోకం అనుకునే ఈ విద్య ఇక్కడ మాత్రం బరువు కోసమే నడిచింది. దాని అసలు గొప్పతనం కూడా బరువు దగ్గరే తెలుస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గాలి, పొగ, ఎండ

కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. సిలిండర్‌లో పట్టే గాలిని బట్టే ఎంత డీజిల్ కాల్చవచ్చో తేలుతుంది. గాలి పెంచకుండా డీజిల్ ఒక్కటే పెంచితే మండని భాగం నల్లపొగగా బయటికొస్తుంది. కనుక బలం కావాలంటే ముందు గాలి సంగతి చూడాలి. డీజిల్‌లోని వేడిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ దారిన వృథాగా పోతుంది. ఆ వృథాతోనే గాలిని తోయిస్తే ఇంజన్ మీద అదనపు భారం చాలా తక్కువ. క్రాంకు నుంచి బెల్టుతోనో పళ్ళచక్రాలతోనో నడిచే సూపర్‌చార్జర్ ఇంజన్ బలంలో కొంత తానే తినేస్తుంది. టర్బో ఆ పని పొగ చేత చేయిస్తుంది.

లారీ టర్బో ఇరుసు పూర్తి లోడు మీద నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. కార్లలో ఉండే చిన్నవి రెండు లక్షలు కూడా దాటుతాయి. ఆ వేగానికి మామూలు బాల్ బేరింగులు ఆగడం కష్టం. అందుకే ఎక్కువ టర్బోల్లో ఇరుసు బుష్షుల మధ్య పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఒక పక్క 600, 700 డిగ్రీల పొగ, మరో పక్క బయటి గాలి, మధ్యలో వేలెడు పొడవున ఇరుసు. దాని ప్రాణమంతా ఆయిల్ మీదే ఆధారపడి ఉంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఎండ. కొత్తగూడెం, భద్రాచలం చుట్టుపక్కల మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగితే 45 డిగ్రీల దగ్గర 1.11 కిలోలే తూగుతుంది. అంటే టర్బో లేని ఇంజన్‌కు ఎండాకాలం వచ్చేసరికి దాదాపు పదో వంతు గాలి తగ్గిపోతుంది. పైగా గాలిని ఒత్తితే అది ఇంకా వేడెక్కుతుంది. 45 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి తెచ్చేసరికి అది 140 డిగ్రీల దాకా కాగుతుంది. కాగిన గాలి వ్యాకోచించి పల్చబడుతుంది కనుక ఒత్తిన శ్రమలో సగం వృథా అయిపోతుంది. దాన్ని చల్లార్చి లోపలికి పంపడానికి రేడియేటర్ ముందు మరో జల్లెడ పెడతారు. ఇదే ఇంటర్‌కూలర్. రైల్వేలోనూ గనుల్లోనూ ఆఫ్టర్‌కూలర్ అంటారు. మన ఎండల్లో టర్బో చేసే మేలును నిలబెట్టేది ఇదే.

లోకంలో ఎలా మొదలైంది

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో ఈ ఊహకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటి లోహాలు ఆ వేడికి తట్టుకోలేకపోవడంతో ఊహ పనిలోకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1920లలో ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాంజిగ్ అనే రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజన్లకు టర్బోలు అమర్చినప్పుడు 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ 2,500 ఇచ్చింది. మొదటి పెద్ద విజయం ఓడల మీద, అంటే బరువైన వాటి మీదే దక్కిందన్నమాట.

విమానాల కథ వేరు. పైకి పోయే కొద్దీ గాలి పల్చబడుతుంది. 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ను 14,000 అడుగులకు పైగా ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి చేర్చి పరీక్షించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ కొండ మీద 230కి పడిపోయింది. టర్బో తగిలించాక 356 ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు అంత ఎత్తున ఎగరగలిగింది ఈ విద్య వల్లనే. యుద్ధం తర్వాత క్లిఫ్ గారెట్ కంపెనీ క్యాటర్‌పిల్లర్ వంటి మట్టిపని యంత్రాల తయారీదారులకు టర్బోలు అందించడం మొదలుపెట్టింది. మన ఓపెన్‌కాస్టుల్లో నేడు తిరుగుతున్న యంత్రాలు ఆ వంశానివే.

హాట్ రాడింగ్ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద పుట్టింది. ఫోర్డు కంపెనీ 1932లో సామాన్యుడికి అందే ధరలో 65 హార్స్‌పవర్ వీ8 ఇంజన్ తెచ్చింది. కుర్రాళ్ళు పాత ఫోర్డులు కొని, బరువు తీసేసి, హెడ్డులు మార్చి, కార్బురేటర్లు పెంచి మ్యూరాక్ వంటి సరస్సుల మీద పరుగులు తీయించేవాళ్ళు. వాళ్ళ క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. హాట్ రాడ్ పత్రిక 1948 జనవరిలో వచ్చింది. బానవిల్ ఉప్పుమైదానంలో స్పీడ్ వీక్ 1949లో మొదలైంది. వీధుల్లో ప్రాణాలు పోతుంటే కుర్రాళ్ళను ట్రాకుల మీదికి మళ్ళించాలని వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆ పని ఎంత మంచిదో ఇవాళ మన రోడ్లు చూస్తుంటే అర్థమవుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అమెరికా డ్రాగ్ రేసు కార్ల బానెట్ పైకి పొడుచుకొచ్చి కనబడే బ్లోయర్ నిజానికి జనరల్ మోటార్స్ 6-71 అనే డీజిల్ ఇంజన్‌ది. లారీలకూ బస్సులకూ తయారు చేసిన ఇంజన్ అది. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపుటంగుళాలు. బరువు బళ్ళ భాగమే రేసు కారు మీదికి ఎక్కింది. రెండు లోకాల మధ్య గోడ ఎప్పుడూ లేదు.

1952 ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెంలో కమ్మిన్స్ కంపెనీ టర్బో డీజిల్ కారు దించింది. ఫ్రెడ్ అగబాషియన్ దాన్ని గంటకు 138.010 మైళ్ళ, అంటే సుమారు 222 కిలోమీటర్ల వేగంతో నడిపి అందరికంటే ముందు వరుసలో చోటు సంపాదించాడు. పందెంలో మాత్రం 71 చుట్ల దగ్గరే ఆగిపోయింది. ట్రాకు మీద లేచిన రబ్బరు పొడి టర్బో ముఖద్వారంలో చేరి గాలిని అడ్డగించింది. రికార్డు పెట్టిన ఇంజన్‌ను పొడి ఓడించింది. ఈ సంఘటన విలువ ఎంతో గనుల్లో పనిచేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతి కథ లోకానికి బాగా తెలిసిందే. 1962లో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ మాంజా స్పైడర్ టర్బోతో అమ్మకానికి వచ్చాయి. 1978లో మెర్సిడెస్ 300 ఎస్‌డీ మొదటి టర్బో డీజిల్ కారుగా వచ్చింది. ఫార్ములా వన్‌లో రెనో 1977లో టర్బో కారు దించి, ఎగతాళి పడి, 1979లో డిజాన్‌లో గెలిచి నోళ్ళు మూయించింది. 1980లలో బీఎండబ్ల్యూ ఒకటిన్నర లీటరు, నాలుగు సిలిండర్ల ఇంజన్ అర్హత పరుగుల్లో వెయ్యి హార్స్‌పవర్ దాటింది. 1988 తర్వాత టర్బోలను నిషేధించారు. 2014లో హైబ్రిడ్ ఇంజన్లతో మళ్ళీ రానిచ్చారు.

బొగ్గు రైలు

ఈ సీమకు రైలు వచ్చిందే బొగ్గు కోసం. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో దాని స్థానంలో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆవిరి ఇంజన్లు ఆ బొగ్గునే తింటూ ఆ బొగ్గునే లాగేవి.

డీజిల్ యుగం 1960లలో మొదలైంది. అమెరికా ఆల్కో కంపెనీ నుంచి మొదటి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు 1962లో వచ్చాయి. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ తన మొదటి ఇంజన్‌ను 1964 జనవరిలో బయటికి తెచ్చింది. దాని గుండె ఆల్కో 251 ఇంజన్. పదహారు సిలిండర్లు, ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాల బోరు, పదిన్నర అంగుళాల స్ట్రోకు. మొత్తం సుమారు 175 లీటర్లు. నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర 2,600 హార్స్‌పవర్. ఒక కొసన మనిషి కౌగిలికి అందనంత టర్బో.

డ్రైవర్ నాచ్, అంటే బలం పెంచే మీటలో ఒక మెట్టు, పెంచగానే ఈ ఇంజన్ పైనుంచి నల్లటి పొగ స్తంభంలా లేచేది. కారేపల్లి, కొత్తగూడెం వైపు పెరిగినవాళ్ళు ఆ దృశ్యాన్ని మరచిపోలేరు. కారణం చిన్నదే. నాచ్ పెంచిన క్షణానే డీజిల్ పెరుగుతుంది. టర్బో మాత్రం పొగ పెరిగి, చక్రం వేగం పుంజుకున్నాకే గాలి పెంచగలుగుతుంది. ఆ మధ్య కాలమంతా గాలి చాలని డీజిల్ పొగగా పోతుంది. దీన్నే టర్బో లాగ్ అంటారు. చక్రం అందుకోగానే పొగ పల్చబడి, బండి బలం పుంజుకుంటుంది.

మన దేశంలో జరిగిన అతి పెద్ద హాట్ రాడింగ్ ఈ ఇంజన్ మీదే జరిగింది. ఈ మాట తూచే అంటున్నాను. 2,600 హార్స్‌పవర్ ఇంజన్‌ను రైల్వేవాళ్ళు అదే బ్లాకు, అదే బోరు, అదే స్ట్రోకు మీద 3,100కు తెచ్చారు. పాత ఆల్కో టర్బో తీసి నేపియర్, ఏబీబీ వంటి మెరుగైన టర్బోలు పెట్టారు. ఆఫ్టర్‌కూలర్ పెద్దది చేశారు. 15 మిల్లీమీటర్ల ఫ్యూయల్ పంపుల బదులు 17 మిల్లీమీటర్లవి బిగించారు. అల్యూమినియం పిస్టన్లకు ఉక్కు తలలు పెట్టారు. క్యామ్ షాఫ్ట్ మార్చి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయాన్ని పెంచారు. అప్పుడు టర్బో పంపే గాలి సిలిండర్‌లో మిగిలిన పొగను ఊడ్చేసి, వాల్వులను, పిస్టన్ తలను చల్లారుస్తూ బయటికి పోతుంది. ఇలా మారినవే డబ్ల్యూడీఎం-3ఏ ఇంజన్లు. పాటియాలా కర్మాగారం సర్వీసులో ఉన్న పాత ఇంజన్లను విప్పి, ఇదే పద్ధతిలో తిరగ్గట్టి పంపేది. గూడ్సు కోసం ఇదే బలంతో డబ్ల్యూడీజీ-3ఏ వచ్చింది. కాజీపేట డీజిల్ షెడ్డుకు చెందిన ఇలాంటి ఇంజన్లు సింగరేణి బొగ్గు రైళ్ళను ఏళ్ళ తరబడి లాగాయి.

లెక్క చూడండి. రేసు బీఎండబ్ల్యూ లీటరుకు ఏడు వందల హార్స్‌పవర్ దాకా ఇచ్చింది. ఆ ట్యూనింగ్‌లో అది నిలిచింది కొద్ది చుట్లే. మార్పు చేసిన ఆల్కో లీటరుకు ఇచ్చింది పద్దెనిమిది హార్స్‌పవరే. కానీ వేల టన్నుల బొగ్గు రైలును లాగుతూ సంవత్సరాలు పనిచేసింది. రెండూ ఒకే సూత్రం మీద నడిచాయి. ఏది గొప్ప ఇంజన్ అని అడిగితే ఈ సీమ ఇచ్చే జవాబు రెండోదే.

1999 నుంచి వచ్చిన అమెరికా ఈఎండీ నమూనా డబ్ల్యూడీజీ-4 ఇంజన్ 4,000 హార్స్‌పవర్‌ది. దాని టర్బోను తక్కువ లోడు మీద పళ్ళచక్రాల ద్వారా ఇంజనే తిప్పుతుంది. పొగ బలం చాలినంత రాగానే క్లచ్ విడిపోయి పొగే తిప్పుకుంటుంది. లాగ్‌కు ఇంత తెలివైన పరిష్కారం కార్ల లోకానికి చాలాకాలం చేతికి రాలేదు.

ఓపెన్‌కాస్టులో

సింగరేణిలో ఓపెన్‌కాస్టు తవ్వకం 1970లలో మొదలై క్రమంగా ప్రధాన పద్ధతి అయింది. మణుగూరు, ఇల్లందు, కోయగూడెం, కొత్తగూడెం గౌతమ్‌ఖని, సత్తుపల్లి జేవీఆర్ గనుల్లో బొగ్గు పైనున్న మట్టినీ రాయినీ షావెళ్ళు ఎత్తితే డంపర్లు అడుగు నుంచి పైదాకా మోస్తాయి. నిండు లోడుతో ఎగువకు ఎక్కడం, ఖాళీగా దిగడం, మళ్ళీ ఎక్కడం రోజంతా ఇదే పని. ఇంజన్ పూర్తి బలం మీద నిమిషాల కొద్దీ నిలబడాలి. రేసు కారుకు కూడా మలుపు దగ్గర కాస్త ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. ఎక్కేటప్పుడు డంపర్‌కు అదీ లేదు.

ఈ యంత్రాల్లో కమ్మిన్స్ ఇంజన్లు ఎక్కువ. పుణెలో 1962లో మొదలైన కిర్లోస్కర్ కమ్మిన్స్ వాటిని దేశంలోకి తెచ్చింది. ప్రభుత్వరంగ బీఈఎంఎల్ తన డోజర్లకూ డంపర్లకూ వాటిని వాడింది. ఎన్‌టీఏ-855, కేటీఏ-38 అనే పేర్లలో టీ అంటే టర్బో ఉందని, ఏ అంటే ఆఫ్టర్‌కూలర్ ఉందని అర్థం. మొదటిది ఆరు సిలిండర్ల, 855 ఘనపుటంగుళాల ఇంజన్, సుమారు 14 లీటర్లు. రెండోది పన్నెండు సిలిండర్లు, 38 లీటర్లు. వంద టన్నుల డంపర్ తరగతిలో అది వెయ్యి హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇస్తుంది.

ఇక్కడ టర్బోకు పెద్ద శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉన్న రబ్బరు గొట్టం క్లిప్పు వదులైతే చాలు. దుమ్ము సన్నని ఇసుకలా టర్బోలో గాలి ఒత్తే చక్రం, అంటే ఫ్యాన్, రెక్కల అంచులను అరగదీస్తుంది. అక్కడితో ఆగక లైనర్లు, రింగులు కూడా తినేస్తుంది. అందుకే పెద్ద యంత్రాలకు లోపలొకటి, బయటొకటి రెండు ఫిల్టర్లు, వాటి ముందు పెద్ద దుమ్మును వడిగా తిప్పి విడదీసే గొట్టాలు ఉంటాయి. గని రోడ్ల మీద నీళ్ళ ట్యాంకర్లు తడుపుతూ తిరిగేది మనుషుల ఊపిరితిత్తుల కోసమే కాదు, ఇంజన్ల కోసం కూడా. 1952లో ఇండియానాపోలిస్‌లో కమ్మిన్స్ కారుకు తెలిసొచ్చిన పాఠం ఇక్కడ ప్రతి షిఫ్టులో అమలవుతుంది.

లారీ

నిజాం రాష్ట్రంలో ప్రభుత్వ బస్సు సర్వీసు 1932 జూన్ 15న 27 ఆల్బియన్ బస్సులతో మొదలైంది. రోడ్డు రవాణాలో డీజిల్ స్థిరపడింది స్వాతంత్ర్యం వచ్చాకే. 1951లో డీజిల్ పంపుల కంపెనీ మైకో, 1954లో డైమ్లర్-బెంజ్ సాయంతో జంషెడ్‌పూర్‌లో టాటా లారీలు, 1955లో అశోక్ లేలాండ్ వచ్చాయి. టాటా ఇంజన్ల పేర్లలో లెక్క దాగి ఉంది. 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. 1986లో వచ్చిన 407 బండిలోని 497 అంటే నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. 697కు టర్బో పెడితే టీసీ, ఇంటర్‌కూలర్ కూడా కలిపితే టీసీఐసీ.

1965లో భద్రాచలం, సారపాకల మధ్య గోదావరి మీద వంతెన తెరవడంతో ఈ దారి రూపు మారింది. విజయవాడ నుంచి కొత్తగూడెం, భద్రాచలం, కుంట మీదుగా జగదల్‌పూర్ దాకా బళ్ళు సాగాయి. 1979లో సారపాకలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ ఉత్పత్తి మొదలయ్యాక కర్ర లారీలు వరుస కట్టాయి. చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు ఘాట్ ఎక్కాలంటే టర్బో లేని ఇంజన్ మొదటి, రెండో గేర్లలోనే గంటల కొద్దీ మూలగాలి.

పుల్లింగ్ చాలదని ఓనర్లు మొదట చేసే పని పంపు పెంచడం. ఇన్‌లైన్ పంపులో ఫుల్‌లోడ్ స్క్రూ కాస్త వదిలితే నాజిళ్ళకు డీజిల్ ఎక్కువ పోతుంది. టర్బో లేని బండికి ఇలా చేస్తే మొదటి రోజు హుషారుగా ఉంటుంది. తర్వాత పొగ, ఆ తర్వాత హెడ్డు గ్యాస్కెట్, చివరికి పిస్టన్ తల కాలడం. టర్బో బండి పంపుల్లో గాలి ఒత్తిడిని చూసి డీజిల్ వదిలే డయాఫ్రం ఒకటి ఉంటుంది. లాగ్ సమయంలో పొగ రాకుండా కాపాడేది అదే. పికప్ కోసం దాన్ని పక్కన పెట్టించుకునేవాళ్ళు తమ ఇంజన్ ఆయుష్షునే పక్కన పెడుతున్నారు. కేలిబ్రేషన్ బెంచి మీద పెట్టి, నాజిల్ ప్రెషర్ చూసి పంపు కట్టే మేస్త్రీ ఒక్కడుంటే పది బళ్ళు బాగుపడతాయి.

టర్బో బాగుందో లేదో చూసే పద్ధతి చూడదగ్గది. ఇంజన్ చల్లారాక గాలి గొట్టం విప్పి, ఫ్యాన్ మధ్యలోని నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని కదుపుతారు. పైకీ కిందికీ కొద్దిగా ఆడితే కంగారు లేదు. ఇరుసు ఆయిల్ మీద తేలేది కనుక ఆ సందు ఉండాల్సిందే. లోపలికీ బయటికీ చేతికి తెలిసేంత ఆడితే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. రెక్కల కొసలు గోడను రాసిన గీత కనబడితే కోర్ మార్చక తప్పదు. గొట్టంలో ఆయిల్ తడి ఉందని వెంటనే టర్బోను నిందించకూడదు. టర్బో కింది నుంచి ఆయిల్ ఛాంబర్‌కు దిగే గొట్టం మూసుకుపోయినా, రింగులు అరిగి ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగినా ఆయిల్ పైకే తన్నుతుంది. ఈ తేడా తెలియనివాళ్ళ చేతిలో కొత్త టర్బో కూడా నెలలో పోతుంది.

ఖమ్మం చుట్టుపక్కల బళ్ళకు పెద్ద ఇంజన్ పని అంటే విజయవాడ జవహర్ ఆటోనగర్ పేరే వినిపిస్తుంది. బ్లాకు బోరింగ్, లైనర్ ప్రెస్సింగ్, క్రాంకు గ్రైండింగ్, హెడ్డు ఫేసింగ్, పంపు, టర్బో ఒక్కో పనికి ఒక్కో షాపు. బోరు నునుపుగా ఉంటే చాలదు. హోనింగ్ గీతలు అడ్డంగా, ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకోవాలి. ఆ గీతల్లో నిలిచే ఆయిలే రింగులను కాపాడుతుంది. లాస్ ఏంజిలిస్ హాట్ రాడ్ షాపుల్లో జరిగే పనీ ఇదే. పేరు వాళ్ళకు వచ్చింది, పని మనవాళ్ళకూ వచ్చు.

1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్, చెన్నై దగ్గర టర్బో ఎనర్జీ వంటి కంపెనీలు టర్బోను మన బళ్ళకు మామూలు భాగం చేశాయి. 2000లో మొదలైన భారత్ స్టేజ్ నిబంధనలు దాన్ని దాదాపు తప్పనిసరి చేశాయి. గాలి ఎక్కువుంటే పొగ తగ్గుతుంది కనుక కాలుష్యం తగ్గించే తొలి ఉపాయం కూడా టర్బోయే అయింది. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 దేశమంతటా అమలయ్యాయి. స్క్రూ డ్రైవర్‌తో పంపు పెంచే కాలం కొత్త బళ్ళలో దాంతో ముగిసింది.

కుర్రకారు, పందేలు, చట్టం

దక్షిణాదిలో మోటారు పందేలకు పాత పుట్టిల్లు మద్రాసు దగ్గరి షోళవరం ఎయిర్‌స్ట్రిప్. తర్వాత శ్రీపెరుంబుదూరు వైపు ట్రాకు వచ్చింది. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కార్లు కట్టి, డబ్బున్నవాళ్ళ ఆటను కొంత కిందికి దించాడు. హైదరాబాద్‌లో సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో చేతితో కట్టిన వింత బళ్ళు ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పందెం పూర్తిగా కరెంటు కార్లది.

కుర్రకారుకు అసలు హాట్ రాడ్ యమహా ఆర్‌ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా తయారైన ఈ 98 సీసీ టూ స్ట్రోక్ బండి 11 హార్స్‌పవర్ ఇచ్చేది. దానికి టర్బో లేదు గానీ, ఉబ్బెత్తు సైలెన్సర్ లోపల పొగ అల వెనక్కి కొట్టి, బయటికి జారిపోబోయే పెట్రోలు గాలిని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. ఇది కూడా పొగతో చేయించే పనే. ఆ సంగతి తెలియక సైలెన్సర్ కోసేసి చప్పుడు పెంచుకున్నవాళ్ళు బండి బలం తగ్గించుకున్నారు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వీధిలో పందేలు ఆపడానికి ఈ చట్టం అవసరమే. దాంతోపాటు సరదా ఉన్న కుర్రాళ్ళకు ట్రాకు కూడా చూపించాలి. వాలీ పార్క్స్ 1951లో చేసిన పని మన దగ్గర ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు

రైలు మార్గాల మీద కరెంటు తీగలు వచ్చాయి. ఆల్కో ఇంజన్లు ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి. గనుల్లో, లారీల్లో మాత్రం టర్బో డీజిల్ ఇప్పట్లో కదిలేలా లేదు. బండి ఓనర్లూ డ్రైవర్లూ గుర్తు పెట్టుకోవలసినవి రెండే. లోడు మీద వచ్చిన బండిని వెంటనే ఆపేయకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే టర్బోలో ఆగిన ఆయిల్ మాడి గడ్డకడుతుంది. ఎయిర్ ఫిల్టర్‌ను దులిపి మళ్ళీ పెట్టే అలవాటు మానాలి. దులిపేటప్పుడు చిరిగే కాగితం నుంచే దుమ్ము లోపలికి పోతుంది.

సింగరేణి యాజమాన్యానికీ దక్షిణ మధ్య రైల్వేకూ ఒక విన్నపం. తుక్కుకు పోయే ఆల్కో 251 ఇంజన్ ఒకదాన్ని, దాని టర్బోతో సహా అడ్డంగా కోసి, లోపలి భాగాలు కనబడేలా కొత్తగూడెంలో నిలబెట్టండి. కాజీపేట షెడ్డులోనూ గని వర్క్‌షాపుల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఐటీఐ పిల్లలను అక్కడికి తీసుకొచ్చి, ఆ రిటైరైనవాళ్ళ చేతే ఆ ఇంజన్ పాఠం చెప్పించండి.